సున్నా మార్కుల తూదక్క

ఫలానా భాష వ్యాకరణమంతా నాకు వచ్చని ఎవరైనా నా ముందు గొప్పలు పోతే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే తొమ్మిదేళ్ళ కిందట అలా గొప్పలు పోయిన మనిషిని నేనే. పేరు గిజ్లాన్, ఊరు మెక్నెస్, ఉద్యోగం నర్సు. నన్ను ఈ అట్లాస్ కొండల్లోని చిన్న ఊరి ఆసుపత్రికి వేశారు. కింద బజారులో అరబ్బీ నడుస్తుంది. పై ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళకు మాత్రం అమజీగ్ తప్ప మరో భాష రాదు. మా కాన్పుల వార్డులో పడుకునేది వాళ్ళే. డాక్టరు మాట వాళ్ళకు తెలియదు, వాళ్ళ మాట డాక్టరుకు తెలియదు. ఆ ఇద్దరి మధ్యా నిలబడింది తుడుపుకర్ర పట్టుకున్న ఒక ఆడమనిషి. ఈ కథ ఆవిడది. మధ్యలో నా గోల వస్తే ఓర్చుకోండి, నా కోపం ఇంకా చల్లారలేదు.

తూదక్కకు అప్పటికే యాభై దాటి ఉంటాయి. ఎన్నేళ్ళని అడిగితే, "పెద్ద మంచు పడ్డ ఏడు పుట్టాను. ఏ పెద్ద మంచో మా అమ్మ చెప్పకుండానే పోయింది" అనేది. గొర్రెల కాపరి కూతురు. బడి ముఖం చూడలేదు. పదహారేళ్ళకు పెళ్ళి, ముప్పై నిండకముందే ఆపిల్ పెట్టెల లారీ బోల్తాపడి మొగుడు పోయాడు. ఇద్దరు ఆడపిల్లల్ని వెంటేసుకుని కొండ దిగి వచ్చి, ఆపిల్ గోదాములో పుచ్చిన కాయలు ఏరే పనిలో చేరింది. తర్వాత మా ఆసుపత్రిలో నేల తుడిచే పనికి కుదిరింది. కాగితాల మీద ఇప్పటికీ ఆవిడ పని అదే.

"అరబ్బీ ఎవరు నేర్పారక్కా?" అని ఒకసారి అడిగాను.

"నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. మొదటి ఏడంతా ఆవిడ తిట్టింది, నేను ఊరికే తిట్లు తిన్నాను. రెండో ఏడు ఆ తిట్లు అర్థమయ్యాయి. మూడో ఏడు తిరిగి తిట్టాను. ఇల్లు ఖాళీ చేయించింది. పోతే పోయింది వెధవ కొంప, నాకు భాష వచ్చింది కదా."

వచ్చిన భాష ఎలాంటిదంటే, అందులో మగవాళ్ళు లేరు. కొండమీద వాళ్ళు అరబ్బీలో సాధారణంగా చేసే తప్పే అది. ఆవిడ ఎవరితో మాట్లాడినా ఆడమనిషితో మాట్లాడినట్టే ఉంటుంది. మా డైరెక్టరు సీ మునీర్, అంటే మునీర్ గారు, బూట్లు టకటకలాడించుకుంటూ వస్తుంటే, "మెల్లగా తల్లీ, నేల తడిగా ఉంది, జారి పడతావు" అనేది. వరండా అంతా నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు. తప్పని నేను చెబితే, "మీసాలు కనబడుతున్నాయి కదా పిల్లా, మగాడని మళ్ళీ మాటలో కూడా చెప్పాలా?" అని ఎదురడిగేది.

అలాంటి మనిషి వార్డులో చేసే పని చూడాలి. డాక్టర్ యాసిర్ కాసాబ్లాంకా నుంచి వచ్చిన కుర్రాడు, మంచివాడు, తొందర ఎక్కువ. "నొప్పి ఎక్కడో అడుగు తూదా" అనేవాడు. తూదక్క అడిగేది కాదు. తుడుపుకర్ర గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని, మంచం పక్కన కూర్చుని, మంచం మీది మనిషి చెయ్యి తన చేతుల్లోకి తీసుకునేది. ఎలా ఉన్నావు? క్షేమమే, దేవుడి దయ. ఇల్లు ఎలా ఉంది? క్షేమమే, దేవుడి దయ. పిల్లలు? మీ ఆయన? మీ మరిది? ఆవు ఈనిందా? దారిలో మంచు కరిగిందా? అన్నిటికీ క్షేమమే. ఈలోగా అటువైపు మనిషి కూడా ఊరుకోదు, తూదక్క కూతుళ్ళ గురించి, కీళ్ళనొప్పుల గురించి వరసగా అడుగుతుంది. ఇక్కడివాళ్ళ మర్యాద అది. మనిషి కనబడగానే నాకిది నొప్పి, నాకది బాధ అని మొదలుపెడితే దేవుడి ముఖం మీద ఉమ్మినట్టని వాళ్ళ లెక్క. ముందు దేవుడికి కృతజ్ఞత చెప్పాలి, ఎదుటివాళ్ళ మంచిచెడ్డలు అడగాలి. అంతవరకూ ఒళ్ళంతా తగలబడుతున్నా క్షేమమే అంటారు.

అంతా అయ్యాక తూదక్క ఇంకేమీ మాట్లాడకుండా ఊరికే కూర్చునేది. అత్తగారో ఆడపడుచో పక్కన ఉంటే, "అమ్మా, నా కాళ్ళు ఆడటంలేదు, ఆ మూల కొట్లో ఒక రొట్టె తెచ్చిపెడతావా" అని బయటికి పంపేది. అప్పుడు ఆ మనిషి గొంతు తగ్గించి, "చెల్లీ, పది రోజులనుంచి..." అని మొదలుపెట్టేది. డాక్టరుకు కావలసిన మాట అదీ. దానికి పావుగంట పట్టేది. పావుగంట ఎక్కువని మా వాళ్ళ ఏడుపు.

ఇక నా సంగతి. నేను వచ్చిన మొదటి నెలలోనే అమజీగ్ వ్యాకరణ పుస్తకం కొన్నాను. క్రియల పట్టికలు వంటింటి గోడకు అంటించుకున్నాను. కూర తరుగుతూ చదివాను, అన్నీ నోటికొచ్చాయి. రెండు చలికాలాలు గడిచేసరికి ఏ మాట ఏ మాట పక్కన ఎలా మారుతుందో తూదక్కకే చెప్పగలిగే స్థితికి వచ్చాను. చెప్పాను కూడా. ఆవిడ శ్రద్ధగా విని, "అలాగా, ఇన్నాళ్ళూ నాకు తెలియలేదే" అంది. వెక్కిరించిందని నాకు మరునాడు తట్టింది.

మొదటిసారి వార్డులోకి వెళ్ళి పెద్ద వాక్యం ఒకటి తప్పులేకుండా అన్నాను. ఆరు మంచాల మీది ఆడవాళ్ళూ ముఖాలకు తలగుడ్డల చెంగులు అడ్డం పెట్టుకున్నారు. బయటికొచ్చి తూదక్కను నిలదీశాను.

"ఏం తప్పు మాట్లాడానక్కా?"

"తప్పెక్కడిది పిల్లా, రేడియోలో వార్తలు చదివినట్టే ఉంది."

"మరి ఎవరూ జవాబు చెప్పలేదేం?"

"రేడియోకి ఎవరైనా జవాబు చెబుతారా?"

నాకు రోషం వచ్చింది. ఇదంతా చదువులేనివాళ్ళ అసూయ అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. ఇప్పుడు దాచి ఏం లాభం?

ఆరేళ్ళ కిందట సీ మునీర్ ఒక ఉత్తర్వు అంటించాడు. ఇకమీదట రోగితో డాక్టరు తరఫున మాట్లాడేవాళ్ళకు భాషా పరీక్ష సర్టిఫికెట్ ఉండాలి. లేనివాళ్ళు వార్డులో మాట అందించకూడదు. "రేపు ఏదైనా తేడా వస్తే ఎవరిది బాధ్యత? ఒక స్వీపరు చెప్పిన మాట ఫైల్లో ఎలా రాస్తాం?" అన్నాడు. ఫైలు ఆయనకు కన్నబిడ్డ. ఆసుపత్రిలో మిగతా బిడ్డల సంగతి తర్వాత.

పరీక్ష మా భోజనాల గదిలోనే జరిగింది. నలభై మార్కులు, అంతా రాతే. ఖాళీలు పూరించాలి, వాక్యాలు విడగొట్టాలి. తూదక్క కూడా వచ్చి కూర్చుంది, డాక్టర్ యాసిరే బలవంతంగా పంపాడు. కలం పట్టుకోవడం రాక దాన్ని చీపురు పుల్లలా పట్టుకుంది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, పరీక్ష పెట్టడానికి వచ్చినాయనను అమజీగ్‌లో పలకరించింది. ఇల్లు ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు, ఏ ఊరివాళ్ళు మీరు అని. ఆయన ముఖం ఎర్రబడింది. భాషకు పరీక్ష పెట్టేవాడికి ఆ భాషలో సమాధానం చెప్పడం రాలేదు. "నిశ్శబ్దం" అన్నాడు, అదీ అరబ్బీలో.

నాకు ముప్పై ఎనిమిది వచ్చాయి. తూదక్కకు సున్నా. ఆ రోజు నేను బాదం కేకు చేసి అందరికీ పంచాను. తూదక్కకూ ఇచ్చాను. తిని, బాగుందంది. ఆ కేకు తలుచుకుంటే ఇవాళ్టికీ నాలుక చేదెక్కుతుంది.

తూదక్కను వార్డు నుంచి తీసేసి, ముంగిలి ఊడ్చే పనికి వేశారు. డాక్టరు పక్కన నేను నిలబడ్డాను. పని చకచకా సాగింది. నొప్పి ఉందా? లేదు. రక్తం పోతోందా? లేదు. రాశాను. సంతకం పెట్టాను. ఇంతకుముందు పది మందిని చూసే సమయంలో ఇప్పుడు పాతికమందిని చూస్తున్నామని సీ మునీర్ పై అధికారులకు రాసుకున్నాడు. పై ఊళ్ళ ఆడవాళ్ళు ఇంత ఆరోగ్యంగా ఎప్పటినుంచి ఉన్నారని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో యామ్నా వచ్చింది. పైన చిట్టచివరి ఊరినుంచి, అత్తగారితో కలిసి, వ్యానులో మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చింది. ఇరవై రెండేళ్ళు, ఎనిమిదో నెల, తొలిచూలు. అరచేతుల నిండా పాత గోరింటాకు. నేను నా చక్కటి వాక్యాలు మూడు వదిలాను. నొప్పి ఏమైనా ఉందా? రక్తం కనబడిందా? బిడ్డ మామూలుగా కదులుతోందా? ఒక్క మాట తప్పు పోలేదు. ఆ పిల్ల అత్తగారి వైపు చూసి, తల దించుకుని, "క్షేమమే, దేవుడి దయ" అంది. మూడింటికీ అదే మాట.

పలకరింపులు నాకు తెలియవా? తెలుసు. నా పుస్తకంలో మొదటి పాఠమే అది. పలకరింపు ఎంత పొడుగుంటుందో, అందులో ఏ మాటకు ఏ మాట జవాబో అన్నీ ఒకప్పుడు కంఠతా పట్టాను. పాఠం అయిపోయింది కదా అని వదిలేశాను. ఈత పుస్తకం చదివినవాళ్ళు ఏట్లో దూకితే వాళ్ళొక్కరే మునుగుతారు. నేను దూకితే పక్కవాళ్ళు మునిగారు.

డాక్టరు బిడ్డ గుండె విన్నాడు, బాగానే కొట్టుకుంటోందన్నాడు. నేను కాగితం మీద "బాధలు ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టాను. వచ్చే నెల రమ్మని పంపేశాం.

వ్యాను నిండితేగాని కదలదు. యామ్నా గేటు పక్కన ఎండలో పిట్టగోడ మీద కూర్చుంది. ముంగిలి ఊడుస్తున్న తూదక్క ఆ పిల్ల కూర్చున్న తీరు చూసిందట. ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, తియ్యకుండా అలాగే ఉందట. చీపురు పక్కన పడేసి వెళ్ళి కూర్చుంది. ఇల్లు, పిల్లలు, ఆవు, మంచు, అంతా మామూలే. అత్తగారిని రొట్టెకు పంపింది. ఊరికే కూర్చుంది.

అప్పుడు చెప్పింది యామ్నా. నాలుగు రోజుల కిందట కట్టెల మోపుతో మంచు మీద జారి బోర్లా పడింది. మోపు ఎత్తించింది అత్తగారు. పొద్దుటినుంచి కడుపు చెక్కలా బిగుసుకుపోతోంది. నిన్న సాయంత్రం బిడ్డ కొద్దిగా కదిలింది. ఇవాళ లేదు.

"లోపల చెప్పలేదేం తల్లీ?" అని తూదక్క అడిగింది.

"లోపల నన్నెవరూ ఏమీ అడగలేదు పిన్నీ. నర్సమ్మ ఏదో చదివింది."

తూదక్క ఆ పిల్లను రెక్క పట్టుకుని నడిపించుకొచ్చింది. వార్డు తలుపు దగ్గర నేనున్నాను. ఇది చెప్పకుండా ఉండలేను, చెప్పకపోతే నేను మనిషినే కాదు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"అక్కా, నువ్వు లోపలికి రాకూడదు కదా. పొద్దున మేం అంతా అడిగాం. ఏమీ లేదంది."

"తప్పుకో పిల్లా."

"సీ మునీర్ చూస్తే నీ పని పోతుందక్కా, నీ మంచికే చెబుతున్నా."

"నా పని తర్వాత పోనీ. తప్పుకుంటావా, తోసుకు పొమ్మంటావా?"

తోసుకునే పోయింది. డాక్టర్ యాసిర్ యంత్రం పెట్టి విన్నాడు. చోటు మార్చి విన్నాడు. మూడోసారి విన్నాడు. తర్వాత అందరం పరుగులు పెట్టాం. సాయంత్రానికి యామ్నా బతికింది. బిడ్డ బతకలేదు. ఆడపిల్ల, తలనిండా జుట్టు. డాక్టరు మెట్ల మీద కూర్చుని, "పొద్దున గుండె వినబడింది. పొద్దున ఉంది. పొద్దునే తెలిసుంటే..." అని అదే మాట తిప్పి తిప్పి అన్నాడు. నావైపు చూడలేదు. చూసి తిట్టి ఉంటే బాగుండేది.

రెండు రోజుల తర్వాత సీ మునీర్ నన్ను పిలిచాడు. బల్ల మీద నా కాగితం ఉంది. కూర్చోమని టీ తెప్పించాడు.

"మీరేం కంగారు పడకండి గిజ్లాన్. అడగవలసిన ప్రశ్నలు అడిగారు. ఆవిడ లేదంది. మీరు రాశారు. ఫైలు సక్రమంగా ఉంది. మీ మీద మచ్చ లేదు."

"బిడ్డ పోయింది కదండీ."

"అది దేవుడి నిర్ణయం. మన వైపునుంచి నిబంధన తప్పలేదు. ఆ తూదా మాత్రం అనుమతి లేకుండా వార్డులోకి చొరబడింది. ఆవిడకు మెమో ఇస్తున్నాం. తలుపు దగ్గర మీరు ఆపారట కదా, సాక్షిగా ఒక సంతకం పెట్టండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను చంపిన బిడ్డ విషయంలో నా తప్పు లేదని కాగితం తేల్చింది. బతికించబోయిన మనిషిది తప్పని అదే కాగితం చెబుతోంది. పైగా దాని మీద నేను సంతకం పెట్టాలి. ఆయన అందించిన కలం తీసుకుని, ఆ మెమో వెనక్కి తిప్పి రాశాను: "నాకు అమజీగ్ మాట్లాడటం రాదు. ఇకమీదట రోగులతో నాచేత మాట్లాడించవద్దు. గిజ్లాన్, నర్సు."

"ఇదేమిటి? మీకు ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి."

"అవి మీ ఫైల్లోనే ఉంచుకోండి."

"మీరు కూడా లేకపోతే సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఈ ఆసుపత్రిలో ఎవరూ ఉండరు."

"ఉండరు. మీరొచ్చి మాట్లాడండి."

టీ ముట్టకుండా లేచి వచ్చేశాను. నిజం చెప్పొద్దూ, లోలోపల కొంచెం గర్వంగా అనిపించింది. పెద్ద త్యాగం చేసినట్టు తిన్నగా ముంగిట్లోకి నడిచి, తూదక్కకు అంతా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

తూదక్క చీపురు ఆపింది. ఆవిడకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"రాదని రాశావా?"

"అవునక్కా. నిజమే కదా."

"రేపు పైనుంచి ఇంకో పిల్ల వస్తుంది. నన్ను రానివ్వరు. నువ్వు రాదని రాసిచ్చి చేతులు దులుపుకున్నావు. ఆ పిల్లతో ఎవరు మాట్లాడాలి, గోడలా?"

"నా వల్ల ఇంకొకరికి..."

"నోర్ముయ్. నీ ఏడుపు నీ ఇంట్లో ఏడు. వచ్చని రాసి ఒక బిడ్డను పోగొట్టావు. రాదని రాసి ఎంతమందిని పోగొడతావు? నాకు అరవై వస్తున్నాయి. నేను చస్తే ఈ కొండ ఆడవాళ్ళు ఎవరికి చెప్పుకోవాలి, ఆ మీసాల తల్లికా?"

అంత కోపంలోనూ ఆయన్ని తల్లీ అనే అంది. నాకు నవ్వు రాలేదు.

మెమో ఆవిడకు రానే వచ్చింది. వారం రోజుల జీతం కోశారు. కానీ ఆ వారంలోనే డాక్టర్ యాసిర్ తిరగబడ్డాడు. తూదా పక్కన లేకుండా ఒక్క కొండ మనిషిని కూడా చూడనని, కావాలంటే తనను ఎడారికి బదిలీ చేసుకోమని వరండాలో నిలబడి అరిచాడు. సీ మునీర్ చూడనట్టు ఊరుకున్నాడు. ఉత్తర్వు తీసేయలేదు. అది ఇప్పటికీ గోడ మీద ఉంది, దాని కిందనుంచే తూదక్క లోపలికి వెళుతుంది. మాట అందించే పనికి ఆవిడకు పేరు లేదు, జీతం లేదు.

ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళిన రోజున నేను వరండాలో మందుల పెట్టెలు సర్దుతున్నాను. నా జబ్బ పట్టుకుని లాగింది.

"నేను రానక్కా, నాకు..."

"రాదని నీకెంత బాగా వచ్చో ఊరంతటికీ తెలుసు. పద."

మంచం మీద యామ్నా ఉంది. ఆపరేషన్ కుట్లు ఇంకా ఆరలేదు, పాలు పడి రొమ్ములు గట్టిపడి జ్వరం వచ్చింది. తాగే బిడ్డ లేదు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నేను కంఠతా పట్టిన పట్టికలన్నీ వెతికినా ఆ పిల్లతో అనడానికి ఒక్క మాట దొరకలేదు.

తూదక్క నన్ను మంచం పక్కన కుదేసింది. "నువ్వేమీ అడక్కు. చెయ్యి పట్టుకో. అది అడిగినదానికి జవాబు చెప్పు" అంది. తనెళ్ళి కిటికీ దగ్గర నిలబడి బయటికి చూడసాగింది.

యామ్నా నా ముఖంలోకి చూసింది. నేనెవరో తెలుసు. జ్వరంతో కాలుతున్న చేత్తోనే నా వేళ్ళు పట్టుకుని, "ఎలా ఉన్నావక్కా?" అని అడిగింది. క్షేమమేనని చెప్పాను. మా అమ్మ ఎలా ఉందని అడిగింది. మెక్నెస్‌లో వానలు పడ్డాయా అని అడిగింది. నాకు పిల్లలున్నారా అని అడిగింది. ఒకడున్నాడని చెబితే, "దేవుడు చల్లగా చూడాలి" అంది. నా వాక్యాలు సగంలోనే విరిగిపోయాయి, మాటలు ఒకదానికొకటి పొసగలేదు, సున్నా మార్కులు కూడా రావు వాటికి. ఆ పిల్ల నవ్వలేదు. ఓపిగ్గా విన్నది. తర్వాత ఇద్దరం ఊరుకున్నాం. చాలాసేపటికి నా చెయ్యి లాగి తన రొమ్ము మీద పెట్టుకుని, "ఇక్కడ నొప్పి అక్కా" అని చెప్పింది.